వైద్యుని వీలునామా, విశ్వవిద్యాలయ పీఠం: కేంబ్రిడ్జ్ నుండి గచ్చిబౌలి దాకా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

విశ్వవిద్యాలయానికి అందిన దానం తరతరాలు నిలవడానికి దాత ఉదారత ఒక్కటే చాలదు. ఆస్తి ఎవరి పేరు మీద ఉండాలి, దాని ఆదాయం దేనికి ఖర్చు కావాలి, ఆ ఖర్చును ఎవరు తనిఖీ చేయాలి అన్న మూడు విషయాలను దానపత్రమే స్పష్టం చేయాలి. 1728లో మరణించిన లండన్ వైద్యుడు జాన్ ఉడ్‌వర్డ్ తన వీలునామా ద్వారా కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో నెలకొల్పిన ఆచార్య పీఠం ఇందుకు చక్కని ఉదాహరణ. ఆయన జీవితాన్నీ, వీలునామానూ ఈ వ్యాసం వివరిస్తుంది. వాటి వెలుగులో హైదరాబాదు విశ్వవిద్యాలయానికి దక్కిన ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ ఇంటినీ, సైబరాబాద్ ఐటీ కారిడార్‌లోని ఆ విశ్వవిద్యాలయ భూమినీ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ధర్మనిధి, ఆచార్య పీఠం, వీలునామా, జాన్ ఉడ్‌వర్డ్, గోల్డెన్ థ్రెషోల్డ్, హైదరాబాదు విశ్వవిద్యాలయం, కంచ గచ్చిబౌలి.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు విశ్వవిద్యాలయానికి రెండు చిరునామాలు ఉన్నాయి. ఒకటి నాంపల్లిలోని ‘గోల్డెన్ థ్రెషోల్డ్’. అది సరోజినీ నాయుడు, వైద్యుడు ముత్యాల గోవిందరాజులు నాయుడు దంపతుల నివాసం. రెండవది గచ్చిబౌలిలోని విశాలమైన ప్రాంగణం. మొదటిది ఒక కుటుంబం ఇచ్చిన ఇల్లు. రెండవది ప్రభుత్వం చూపిన నేల. 2025 వసంతంలో ఈ రెండవ చిరునామాను ఆనుకొని ఉన్న సుమారు 400 ఎకరాల కంచ గచ్చిబౌలి భూమి దేశవ్యాప్త చర్చకు కేంద్రమైంది. ఆ భూమి ఎవరిదన్న ప్రశ్న సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. మొదటి చిరునామా విషయంలో అటువంటి ప్రశ్న దేశం దృష్టికి వచ్చింది లేదు.

ఈ తేడాకు కారణం దానాల పరిమాణంలో లేదు. ఆస్తిని అప్పగించిన తీరులో ఉంది. విద్యాసంస్థకు ఆస్తి ఇవ్వడం ఒక పని. అది ఆ సంస్థకే, ఆ ప్రయోజనానికే శాశ్వతంగా నిలిచేలా ఏర్పాటు చేయడం మరొక పని. ఈ రెండవ పనిని ఒక వైద్యుడు ఎంత పట్టుదలతో చేశాడో తెలుసుకోవడానికి 18వ శతాబ్ది ఇంగ్లండు వైపు చూడవలసి ఉంది. అయితే అంతకు ముందు, అధ్యాపకుని పోషణకు భూమిని కేటాయించే పద్ధతి తెలుగు నేలకు కొత్త కాదని గుర్తు చేసుకోవడం అవసరం.

2. తెలుగు నేలపై పూర్వరూపం

‘ధర్మనిధి’ అన్న మాట నేడు ఎక్కువగా స్మారకోపన్యాసాల సందర్భంలో వినబడుతుంది. అసలును ముట్టకుండా, దాని రాబడిని మాత్రమే నిర్దేశించిన పనికి వినియోగించడం దాని మూలసూత్రం. కాకతీయుల కాలానికి చెందిన మల్కాపురం శాసనం (క్రీ.శ. 1261) ఈ సూత్రానికి తెలుగునాట దొరికే ప్రముఖ సాక్ష్యాలలో ఒకటి. నేటి గుంటూరు ప్రాంతంలో, కృష్ణాతీరంలోని మందడం పరిసరాలకు చెందిన ఈ శాసనం విశ్వేశ్వర శివాచార్యునికి లభించిన గ్రామాల ఆదాయ వినియోగాన్ని వివరిస్తుంది. మఠం, సత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఆ ఆదాయం మీద నడిచాయి. వేదాలు చెప్పేవారు ముగ్గురు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం వంటి శాస్త్రాలు చెప్పేవారు ఐదుగురు, ఒక వైద్యుడు, ఒక లెక్కలు వ్రాసేవాడు ఆ ఏర్పాటులో ఉన్నారు.

ఇందులో గమనించవలసినవి రెండు. మొదటిది, దానం వ్యక్తికి కాక ఉద్యోగానికి చెందింది. ఒక అధ్యాపకుడు పోతే మరొకరు వస్తారు. భూమి మాత్రం ఆ పనికే కట్టుబడి ఉంటుంది. రెండవది, లెక్కలు వ్రాసేవానికి కూడా అందులో స్థానం ఉంది. అంటే ఆదాయాన్ని, వ్యయాన్ని నమోదు చేసే బాధ్యతను దానమే ఏర్పాటు చేసింది. నేటి విశ్వవిద్యాలయ పరిభాషలోని ధర్మనిధి పీఠానికి కావలసిన ముఖ్య లక్షణాలు ఈ రెండింటిలోనూ కనిపిస్తాయి.

3. జాన్ ఉడ్‌వర్డ్: వైద్యుడు, రాళ్ళ సేకర్త

జాన్ ఉడ్‌వర్డ్ 1665లో ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో జన్మించాడు. రాజవైద్యుడు పీటర్ బార్విక్ ఆయనను చేరదీసి తన వద్ద వైద్యం నేర్పాడు. 1692లో ఉడ్‌వర్డ్ లండన్‌లోని గ్రెషమ్ కళాశాలలో వైద్యశాస్త్ర ఆచార్యుడయ్యాడు. మరుసటి సంవత్సరం రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. గ్రెషమ్ కళాశాల కూడా ఒక వణిజుని వీలునామా ద్వారా ఏర్పడిన సంస్థే. వ్యక్తి సంపద బోధనా పీఠంగా మారినప్పుడు ఎలా ఉంటుందో ఉడ్‌వర్డ్ తన యౌవనంలోనే దగ్గరగా చూశాడని దీనివల్ల తెలుస్తుంది.

వైద్యం ఆయన వృత్తి, శిలాజాలు ఆయన వ్యసనం. ఇంగ్లండులోని గనులు, రాతిగోతులు తిరుగుతూ ఖనిజాలు, గవ్వల ఆకారపు రాళ్ళు సేకరించాడు. ప్రతి నమూనా ఎక్కడ, ఏ లోతున దొరికిందో వ్రాసి పెట్టుకున్నాడు. 1696లో ప్రపంచంలోని ఇతర ప్రాంతాలకు వెళ్ళే యాత్రికులు, నావికులు నమూనాలను ఎలా సేకరించాలో, ఎలా నమోదు చేయాలో సూచించే చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆ కాలంలో సంపన్నుల ఇళ్ళలోని వింత వస్తువుల అరలు చూసి ఆనందించడానికి ఉద్దేశించినవి. ఉడ్‌వర్డ్ అరలు మాత్రం ప్రమాణాలుగా పనికిరావాలన్న ఆలోచనతో రూపొందాయి.

1695లో వెలువడిన ఆయన గ్రంథం భూమి సహజ చరిత్రను వివరించింది. శిలాజాలు ప్రకృతి చేసిన వింతలు కావు, ఒకప్పుడు జీవించిన ప్రాణుల అవశేషాలే అని ఆయన వాదించాడు. ఆ మాట నిజమైంది. అయితే అవి రాళ్ళలో చేరడానికి బైబిలు చెప్పిన జలప్రళయమే కారణమన్నాడు. ప్రళయజలం భూపదార్థాన్నంతా కరిగించిందని, తర్వాత అది బరువును బట్టి పొరలు పొరలుగా పేరుకుందని చెప్పాడు. ఈ సిద్ధాంతం నిలవలేదు. పరిశీలన బలమైనదీ, నిర్ణయం బలహీనమైనదీ కావడం ఆయన శాస్త్రకృషి అంతటా కనబడే లక్షణం. 1699లో ఆయన మొక్కలను నీటిలో పెంచి తూకాలు తీసి, మొక్క పీల్చుకున్న నీటిలో అధిక భాగం ఆకుల ద్వారా గాలిలోకి వెళ్ళిపోతున్నదని చూపిన ప్రయోగం వృక్షశరీరశాస్త్ర చరిత్రలో ఈనాటికీ ప్రస్తావనకు వస్తుంది.

స్వభావంలో ఉడ్‌వర్డ్ కలహప్రియుడు. 1710లో హాన్స్ స్లోన్‌ను అవమానించినందుకు రాయల్ సొసైటీ కార్యవర్గం నుండి ఆయనను తొలగించారు. అప్పటి అధ్యక్షుడు ఐజాక్ న్యూటన్. మశూచికి ఏ చికిత్స చేయాలన్న వివాదం ముదిరి, 1719లో గ్రెషమ్ కళాశాల వాకిట ప్రసిద్ధ వైద్యుడు రిచర్డ్ మీడ్‌తో కత్తి దూసే దాకా వెళ్ళింది. అంతకు రెండేళ్ళ ముందే లండన్ రంగస్థలం మీద ‘ఫాసిల్’ అనే వైద్యుని పాత్రగా ఆయన వెక్కిరింతకు గురయ్యాడు. సమకాలికులు గౌరవించని సిద్ధాంతం, సమకాలికులు భరించలేని కోపం కలిగిన ఈ మనిషి 1728 ఏప్రిల్ 25న మరణించాడు. ఆయన వ్రాసిపెట్టిన వీలునామాతో ఈ కథ మలుపు తిరుగుతుంది.

4. వీలునామా నిర్మాణం

ఉడ్‌వర్డ్ వీలునామాలో మూడు అంచెలు ఉన్నాయి.

మొదటి అంచె ఆస్తి. తన సొత్తును అమ్మి, ఏటా 150 పౌండ్ల రాబడినిచ్చే భూమిని కొని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి బదిలీ చేయాలని ఆయన కార్యనిర్వాహకులను ఆదేశించాడు. నగదును నేరుగా ఇవ్వలేదు. ఖర్చయిపోయే ధనాన్ని ఖర్చుకాని భూమిగా మార్చమన్నాడు. ఆ భూమి అధికారపత్రాలతో సహా విశ్వవిద్యాలయానిది అయింది.

రెండవ అంచె ప్రయోజనం. ఆ రాబడి నుండి ఒక ఉపన్యాసకునికి ఏటా 100 పౌండ్ల జీతం. అతడు ఏటా కనీసం నాలుగు ఉపన్యాసాలు ఇవ్వాలి. విషయం ఉడ్‌వర్డ్ భూచరిత్ర గ్రంథానికి సంబంధించినదై ఉండాలి. ఒక ఉపన్యాసాన్ని అచ్చు వేయించాలి. అతడు అవివాహితుడై ఉండాలి, ఎందుకంటే సంసారం చదువుకు అడ్డమని దాత అభిప్రాయం. వారంలో మూడు రోజులు నిర్ణీత వేళల్లో శిలాజాల అరలను తెరచి, చూడవచ్చిన జిజ్ఞాసువులకు రుసుము లేకుండా చూపాలి.

మూడవ అంచె తనిఖీ. నమూనాలు పోకుండా ఉపన్యాసకుడు హామీ ఇవ్వాలి. ప్రతి సంవత్సరం పరిశీలకులు వచ్చి అరలను పట్టికతో సరిచూడాలి. దాత పోయిన తర్వాత దాత కళ్ళు ఈ పరిశీలకులే.

వీలునామా ద్వారా ఆయన ఇంగ్లండు శిలాజాల అరలు విశ్వవిద్యాలయానికి దక్కాయి. మిగిలిన అరలను విశ్వవిద్యాలయం కొనుక్కున్నది. సుమారు 9 వేలకు పైగా నమూనాలు నేటికీ ఆ పాత కలప బీరువాల్లోనే, ఆయన పట్టికలతో సహా, కేంబ్రిడ్జ్‌లోని సెడ్జ్‌విక్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

5. దాతను దాటిన పీఠం

1731లో మొదటి ఉడ్‌వర్డ్ ఆచార్యునిగా కోనియర్స్ మిడిల్టన్ నియమితుడయ్యాడు. ఆయన భూగర్భశాస్త్రజ్ఞుడు కాదు. చాలాకాలం ఆ పీఠం నామమాత్రంగానే నడిచింది. 1762లో వచ్చిన జాన్ మిచెల్ గొప్ప శాస్త్రవేత్త. భూకంపాల తరంగ స్వభావం గురించి అంతకుముందే వ్రాసినవాడు. కానీ 1764లో వివాహం చేసుకోవడంతో అవివాహిత నిబంధన వల్ల పీఠాన్ని వదులుకోవలసి వచ్చింది. దాత పెట్టిన ఒక వ్యక్తిగత షరతు ఆయన లక్ష్యానికే ఎలా నష్టం చేసిందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. కాలక్రమంలో ఆ షరతును సడలించారు.

1818లో ఆడమ్ సెడ్జ్‌విక్ పీఠాన్ని అధిష్ఠించాడు. ఆ నాటికి ఆయనకు భూగర్భశాస్త్రంలో పెద్దగా పరిచయం లేదు. తర్వాతి యాభై అయిదేళ్ళలో ఆ శాస్త్రపు నిర్మాతల్లో ఒకడయ్యాడు. కేంబ్రియన్ అన్న భూయుగ నామం ఆయన పెట్టినదే. డెవోనియన్ అన్న పేరును మర్చిసన్‌తో కలిసి ప్రతిపాదించాడు. 1831 వేసవిలో వేల్స్ కొండల్లో చార్లెస్ డార్విన్‌కు క్షేత్రపరిశీలన నేర్పింది కూడా ఆయనే. అదే సంవత్సరం జియలాజికల్ సొసైటీ అధ్యక్షోపన్యాసంలో, భూమిపై కనబడే నిక్షేపాలను ఒకే ఒక ప్రళయంతో వివరించిన తన పూర్వాభిప్రాయాన్ని సెడ్జ్‌విక్ బహిరంగంగా ఉపసంహరించుకున్నాడు.

ఉడ్‌వర్డ్ జీతంతో బ్రతికిన ఆచార్యుడే ఉడ్‌వర్డ్ నమ్మిన ప్రళయ దృష్టిని ఈ విధంగా వదిలివేశాడు. దీనిని దాతకు ద్రోహంగా చూడడం పొరపాటు. దాత ఇచ్చినవి ఒక సిద్ధాంతం, ఒక సేకరణ, ఒక జీతం. సిద్ధాంతం కాలానికి లోబడింది. సేకరణ, జీతం మాత్రం తర్వాతి వారికి స్వతంత్రంగా ఆలోచించే వీలు కల్పించాయి. దాత అభిప్రాయాన్ని కాపాడడం కన్న, దాత ప్రశ్నను సజీవంగా ఉంచడమే పీఠం ప్రయోజనం.

6. నాంపల్లి ఇల్లు

ఈ వెలుగులో హైదరాబాదు వైపు తిరిగి చూడవచ్చు. నిజాం ప్రభుత్వ వైద్యసేవలో ఉన్న డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు, నిజాం కళాశాల తొలి ప్రధానాచార్యుడైన అఘోరనాథ్ చట్టోపాధ్యాయ కుమార్తె సరోజినిని 1898 డిసెంబరులో మద్రాసులో వివాహమాడాడు. వధువు బెంగాలీ, వరుడు తెలుగువాడు. కులాలు వేరు. 1872 నాటి మూడవ చట్టం ప్రకారం జరిగిన ఈ వివాహానికి కందుకూరి వీరేశలింగం పంతులు ఆధ్వర్యం వహించారు. వితంతు వివాహాలతో మొదలైన ఆంధ్రదేశ సంస్కరణోద్యమం వర్ణాంతర వివాహాన్ని కూడా తనలో చేర్చుకున్న ఘట్టాలలో ఇది ఒకటి.

1905లో లండన్‌లో వెలువడిన సరోజిని తొలి కవితాసంపుటి పేరే ఇంటి పేరయింది. జాతీయోద్యమం ఆమెను దేశమంతా తిప్పింది. వైద్యుడైన భర్త, పిల్లలు ఉన్న ఆ ఇల్లు హైదరాబాదు మేధావులకు కూడలి అయింది. పెద్ద కుమారుడు జయసూర్య తండ్రి బాటలో వైద్యుడై, 1952లో మెదక్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కుమార్తె పద్మజ 1956 నుండి 1967 వరకు పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేశారు. ఈ ఇంటిని హైదరాబాదు విశ్వవిద్యాలయానికి దఖలు పరచినది పద్మజా నాయుడే.

1973 సెప్టెంబరు నాటి ఆరు సూత్రాల పథకం రాజధానిలో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ప్రతిపాదించింది. 32వ రాజ్యాంగ సవరణ 371-ఇ అధికరణాన్ని చేర్చి అందుకు మార్గం వేసింది. 1974లో పార్లమెంటు చట్టం చేసింది. గుర్‌బక్ష్ సింగ్ తొలి ఉపకులపతి. చట్టం ఉన్నా చోటు లేని ఆ తొలి సంవత్సరాల్లో విశ్వవిద్యాలయానికి ఆశ్రయమిచ్చింది ఈ ఇల్లే. ప్రధాన ప్రాంగణం గచ్చిబౌలికి మారిన తర్వాత కూడా ఇల్లు విశ్వవిద్యాలయం చేతిలోనే ఉంది. 2012 నుండి రంగస్థల కార్యక్రమాలకు అక్కడ చోటు దొరికింది.

ఇంటికి సరోజిని పుస్తకం పేరు ఉంది. గచ్చిబౌలి ప్రాంగణంలోని కళలు, ప్రసార విభాగాల స్కూలుకు సరోజిని పేరు ఉంది. ఈ రెండు పేర్లలోనూ వైద్యుడు లేడు. ఉడ్‌వర్డ్ పేరు మూడు శతాబ్దాలుగా వినబడడానికి కారణం ఆయన కీర్తి కాదు, వీలునామా సృష్టించిన పదవి. ఇల్లు ఒక చిరునామాను కాపాడుతుంది. పీఠం అయితే ప్రతి తరంలోనూ ఒక మనిషిని నియమించి, దాతను గుర్తు చేస్తుంది.

7. గచ్చిబౌలి నేల

1970లలో గచ్చిబౌలి నగరానికి దూరంగా ఉన్న బండరాళ్ళ నేల. అక్కడ రెండు వేల ఎకరాలకు పైగా భూమిని విశ్వవిద్యాలయానికి కేటాయించారు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడంతో ఆ నేల విలువ మారింది. విశ్వవిద్యాలయం చుట్టూ ఐటీ సంస్థలు, ఇతర విద్యాసంస్థలు, ఆకాశహర్మ్యాలు వెలిశాయి. 2003లో కంచ గచ్చిబౌలి భూమిలో కొంత భాగాన్ని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఒక క్రీడాసంస్థకు కేటాయించింది. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. దానిపై నడిచిన వ్యాజ్యం 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. 2025 మార్చి చివర యంత్రాలతో చెట్లు తొలగించడం మొదలైంది. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం ఆ పనిని ఆపివేయాలని ఆదేశించింది.

ఈ భూమి ప్రభుత్వానిదన్నది ప్రభుత్వ వాదన. ఇది విశ్వవిద్యాలయ ప్రాంగణంలో భాగమన్నది విద్యార్థుల, అధ్యాపకుల వాదన. న్యాయనిర్ణయం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. కేటాయింపుకూ యాజమాన్య బదిలీకీ మధ్య ఉన్న దూరం ఇక్కడ ముఖ్యం. ఒక సంస్థ అనుభవంలో నేల ఉండడం వేరు, ఆ నేల సరిహద్దులతో, పత్రంతో, ప్రయోజన నిబంధనతో ఆ సంస్థకు దఖలు కావడం వేరు. ఉడ్‌వర్డ్ భూమి చిన్నదే, కానీ దాని యాజమాన్యం, దాని ప్రయోజనం రెండూ కాగితం మీద ఉన్నాయి. గచ్చిబౌలి భూమి విశాలమైనదే, కానీ నేల ధర పెరిగిన రోజున ఆ కాగితమే ప్రశ్న అయింది.

భారతదేశంలో ఈ ఏర్పాటుకు చట్టపరమైన మార్గాలు చాలాకాలంగా ఉన్నాయి. 1890 నాటి ధార్మిక నిధుల చట్టం, ప్రభుత్వం నియమించే కోశాధికారి పేరు మీద ఆస్తిని ఉంచి, ఆమోదించిన పథకం ప్రకారం దాని రాబడిని వినియోగించే వీలు కల్పించింది. కాలం చెల్లిన షరతులను సవరించవలసి వచ్చినప్పుడు సివిల్ ప్రక్రియా స్మృతి 92వ సెక్షను కింద న్యాయస్థానం కొత్త పథకాన్ని రూపొందించగలదు. అంటే మిచెల్‌కు ఎదురైన అవివాహిత నిబంధన వంటివి మూలప్రయోజనానికి శాశ్వతంగా అడ్డు పడనవసరం లేదు.

8. ముగింపు

మల్కాపురం శాసనం, ఉడ్‌వర్డ్ వీలునామా, గోల్డెన్ థ్రెషోల్డ్, గచ్చిబౌలి అన్న నాలుగు ఉదాహరణల నుండి మూడు విషయాలు తేలుతున్నాయి.

ఒకటి, దానంలో మొదట నిలవవలసింది యాజమాన్యం. అది సందేహం లేని పత్రం మీద ఆధారపడాలి. రెండు, ప్రయోజనాన్ని స్పష్టంగా చెప్పాలి, కానీ దాత అభిప్రాయాలతో దానిని బిగించకూడదు. ‘భూచరిత్రను బోధించాలి’ అన్న నిబంధన సెడ్జ్‌విక్‌కు దారి ఇచ్చింది. ‘అవివాహితుడై ఉండాలి’ అన్న నిబంధన మిచెల్‌ను పంపివేసింది. మూడు, తనిఖీని దానంలోనే చేర్చాలి. శాసనంలోని లెక్కలు వ్రాసేవాడు, వీలునామాలోని వార్షిక పరిశీలకులు చేసిన పని ఒకటే.

హైదరాబాదు ఐటీ కారిడార్‌లో నేడు సంపద కొరత లేదు. అక్కడి ఆసుపత్రుల్లో, సంస్థల్లో స్థిరపడిన వైద్యులు, వృత్తినిపుణులు తాము చదివిన విశ్వవిద్యాలయాలకు ఏదైనా చేయాలనుకోవడం అరుదు కాదు. భవనానికి పేరు పెట్టడం సులభం. ఒక తెలుగు భాషాచార్యునికో, ఒక ప్రజారోగ్య పరిశోధకునికో తరతరాల పాటు జీతం అందేలా నిధిని నెలకొల్పడం కష్టం. ఆ కష్టానికి ఫలితం దాత జీవితకాలంలో కనిపించకపోవచ్చు. ఉడ్‌వర్డ్ మరణానికీ సెడ్జ్‌విక్ నియామకానికీ మధ్య సరిగ్గా 90 ఏళ్ళు గడిచాయి. ఆ 90 ఏళ్ళూ పీఠాన్ని నిలబెట్టినవి కొంత భూమి, ఒక పత్రం, ఏటా వచ్చి అరలు తెరచి సరిచూసిన పరిశీలకులు.